లోబడడం వేరు, విధేయత వేరా?

ప్రశ్న:
అందరికీ వందనాలు. బైబిల్లో పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం, అంటే రోమా పత్రిక 13:1 "ప్రతివాడును పై అధికారులకు లోబడియుండవలెను" మీద మొన్న మా సంఘంలో గట్టి వాదనే జరిగింది. ఒక పెద్దాయన "లోబడడమంటే చెప్పింది చెయ్యడమే, అందులో సందేహం ఏముంది" అన్నారు. వెనక వరుసలోంచి ఒక కుర్రాడు లేచి అపొస్తలుల కార్యములు 5:29లో పేతురు అన్న మాట చదివాడు: "మనుష్యులకు కాదు దేవునికే మేము లోబడవలెను గదా." అదే మాట! పౌలేమో లోబడమంటాడు, పేతురేమో లోబడనంటాడు. ఇద్దరూ తగ్గలేదు, చివరికి ప్రార్థన చేసి ముగించేశారు. నా సందేహం భాష గురించే. లోబడు, విధేయత ఒకటేనా?

జవాబు:
చిక్కు తెలుగులో పడిందండీ. కొత్త నిబంధన మొదట రాసిన గ్రీకులో ఆ రెండు చోట్లా ఉన్నవి వేర్వేరు మాటలు. రోమా 13లో ఉన్నది హుపొటాస్సో. "టాస్సో" అంటే వరుసలో పెట్టడం, సైన్యాన్ని బారులు తీర్చడానికి కూడా వాడేవారు. "హుపొ" అంటే కింద. కాబట్టి ఒక వరుసలో తన చోటు కిందిదని ఒప్పుకుని నిలబడడం అన్నమాట. పేతురు నోట ఉన్నది పెయితార్ఖెయో, అంటే అధికారంలో ఉన్నవాడి మాట వినడం. మన అనువాదకులు రెంటికీ "లోబడు" అనే వేశారు. మీ కుర్రాడు పట్టుకున్న వైరుధ్యం సగం అలా పుట్టిందే.

ఇంకో సంగతి. 13వ అధ్యాయం మొదటి రెండు వచనాల్లో ఆ "టాస్సో" ధాతువు నాలుగు సార్లు వస్తుంది. లోబడడం, నియమింపబడడం, ఎదిరించడం, నియమము, ఈ నాలుగూ గ్రీకులో ఒకే వేరు నుంచి మొలిచినవే. చదువుతుంటే క్రమం, క్రమం అని చెవిలో మోగుతుంది. తెలుగులో ఆ మోత లేదు, అది ఎవరి తప్పూ కాదు.

కానీ మన "లోబడు" తక్కువ మాటేం కాదు. లో, పడు కలిసింది. "నిబంధనలకు లోబడి", "బడ్జెట్‌కు లోబడి" అంటాం చూడండి, అక్కడ ఎవరి ఆజ్ఞా లేదు, హద్దు దాటకుండా అనే అర్థం. "లొంగు" అంటే అలా కాదు, ఓడిపోయినవాడు లొంగుతాడు. ఇక "విధేయుడు" సంగతి సరే, అర్జీ చివర "ఇట్లు తమ విధేయుడు" అని సంతకం పెట్టి ఆ అర్జీలోనే ఆఫీసరుని కడిగేసినవాళ్లని చూశాను.

మరొకరు:
బాగుంది గానీ, తీతు 3:1 చూడండి. "అధిపతులకును అధికారులకును లోబడి విధేయులుగా" ఉండమంటుంది. అక్కడ "విధేయులుగా" అన్నది మీరు చెప్పిన పెయితార్ఖెయోనే. పేతురు మనుషులకి వద్దన్నదాన్నే తీతుకి రాసిన పత్రిక అధికారులకి చెయ్యమంటోంది కదా? మాటల తేడాతో వాదన తేలిపోతుందనుకోవడం తొందరపాటు.

మొదట జవాబిచ్చినవారు:
ఒప్పుకుంటాను, అది నాకు తట్టలేదు. మాట ఒక్కటే తీర్పు చెప్పదు. అయినా లోబడడం అంటే చెప్పిందల్లా చెయ్యడమే అయితే ఎఫెసీ 5:21 "ఒకనికొకడు లోబడియుండుడి"ని ఏం చేద్దాం? అక్కడా హుపొటాస్సోనే. ఇద్దరు మనుషులు ఒకరి ఆజ్ఞ ఒకరు ఎలా పాటిస్తారు? ఆ తర్వాతి అధ్యాయంలో పిల్లల్ని తలిదండ్రులకు "విధేయులైయుండుడి" అన్నప్పుడు గ్రీకులో మాటే మారిపోతుంది, అక్కడ హుపకౌవో. తేడా ఉంది, కానీ గోడంత తేడా కాదు.

నాకైతే మాటకన్నా మనుషులే బాగా చెబుతారనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు 5లో యేసు పేరున బోధించవద్దని అధికారులు ఆజ్ఞాపించినా పేతురు వాళ్లు బోధ మానలేదు. అలాగని పారిపోనూ లేదు. దెబ్బలు తిన్నారు, సంతోషంగా వెళ్లారు, ప్రతిరోజూ మళ్లీ బోధించారు. ఆజ్ఞ పాటించలేదు, శిక్షకి మాత్రం ఎదురు తిరగలేదు. దీన్ని ఏ మాటతో చెబుతారు? రోమా 13 రాసిన పౌలునే తీసుకోండి. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో, ఫిలిప్పీ పట్టణంలో విచారణ లేకుండా కొట్టి చెరసాలలో వేసి, తెల్లారాక గుట్టుగా వెళ్లిపొమ్మని కబురు పంపితే ఈయన కదల్లేదు. మేము రోమా పౌరులం, వాళ్లే స్వయంగా వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు. అధికారులు భయపడి వచ్చి బతిమాలారు. ఇంత జరిగాకే, క్రీ.శ. 57 ప్రాంతంలో, రోమా చక్రవర్తిగా నీరో గద్దె మీద ఉండగా ఆయన "లోబడియుండవలెను" అని రాశాడు.

ఇంకొకరు:
నాదో చిన్న మాట. "పై అధికారులు" అనగానే మనకి ఆఫీసులో పై అధికారి కళ్ల ముందుకి వస్తాడు. గ్రీకులో అక్కడ ఉన్నది ఎక్సూసియా, అంటే అధికారం. అదే వచనం రెండో సగంలో తెలుగు కూడా "అధికారము" అనే రాసింది. మొదటి సగంలో ఆఫీసరు, రెండో సగంలో వ్యవస్థ! చిన్నప్పుడు సండే స్కూల్లో ఇది చదివి, మా నాన్న వాళ్ల మేనేజర్ని దేవుడే పెట్టాడని చాలా కాలం నమ్మాను.

నవ్వులకే అనుకోకండి. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలనకి ఈ అధ్యాయాన్నే అడ్డం పెట్టేవారు. 1985లో అక్కడి క్రైస్తవులు వెలువరించిన కైరోస్ పత్రం దాన్ని నేరుగా తప్పుపట్టింది, ఈ వచనాలని సందర్భం నుంచి ఊడదీసి వాడుతున్నారని.

అడిగినవారు:
అందరికీ థాంక్స్. ఒక్కటి మిగిలిపోయింది. 13:7లో పన్ను, సుంకము "చెల్లించుడి" అని ఉంది. యేసు అన్న "కైసరువి కైసరునకును" దగ్గరా "చెల్లించుడి" అనే ఉంది. అదైనా గ్రీకులో ఒకే మాటేనా?

మొదట జవాబిచ్చినవారు:
అవునండీ, రెండు చోట్లా అపొదోతె. ఇవ్వండి అని కాదు, బాకీ తీర్చండి అని. ఇక్కడ తెలుగు సరిగ్గా పట్టుకుంది, 13:7 చివర "ఋణములను తీర్చుడి" అని కూడా వేసింది. ఆ పెద్దాయనకి తీతు 3:1 గురించి మాత్రం మీరే ముందు చెప్పకండి, ఆయనే కనుక్కుని వచ్చే ఆదివారం మీ కుర్రాడి మీదికి వస్తారు.