మూడు సెంట్ల పెరట్లో మూడు పుంజులు: ఉంచవచ్చా, తీసివేయాలా?

బుచ్చిరెడ్డిపాళెం పెరడు:

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం. ఇంటి వెనుక సుమారు మూడు సెంట్ల పెరడు ఉంది. చుట్టూ ప్రహరీ, ఒక మూల మునగచెట్టు, దాని పక్కన రేకుల గూడు. అందులో పదకొండు పెట్టలు, మూడేళ్ల వయసున్న ఒక కాకిడేగ (నలుపు, ఎరుపు కలిసిన రంగు) పుంజు ఉన్నాయి. ఆ పుంజుకు పుట్టిన పిల్లల్లో రెండు పుంజులు మిగిలి, ఇప్పుడు వాటికి ఏడో నెల నడుస్తోంది. పెట్టలన్నీ నాటువే అయినా కాకిడేగలో పందెం జాతి అయిన అసిల్ రక్తం ఉంది. పిల్లపుంజుల మెడనూ కాళ్లనూ చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది.

మొన్నటి వరకు మూడూ కలిసి మేసేవి. ఇప్పుడు పెద్దపుంజు పిల్లపుంజులను గూటి దగ్గరకు రానీయడం లేదు. అవి రెండూ మునగచెట్టు కింద మాటువేసి, మేతకు వచ్చిన పెట్టను చెరొక వైపు నుంచి తరుముతున్నాయి. రెండు పెట్టలకు వీపు మీద ఈకలు పూర్తిగా రాలిపోయాయి, ఒకదానికి రెక్క కింద చర్మం చీలింది. గుడ్లు కూడా తగ్గాయి. అలాగని పుంజులను తీసివేయడానికి మనసు ఒప్పుకోవడం లేదు. ఉన్న ఒక్క పుంజుకు తెగులు వస్తే పిల్లలు తీయడం ఆగిపోతుందని ఒక భయం. పుంజులు తగ్గితే గుడ్లు ఇంకా తగ్గుతాయని మా అత్తగారి అభిప్రాయం. ఇంత చిన్న పెరట్లో ఒకటి కంటే ఎక్కువ పుంజులను పెంచుతున్నవారు ఎలా సర్దుకుంటున్నారో దయచేసి చెప్పగలరు.

దర్శి కోళ్లగూడు:

ముందుగా మీ అత్తగారి అనుమానం తీర్చాలి. పెట్ట గుడ్డు పెట్టడానికి పుంజుతో పనిలేదు. ఆ గుడ్డు పిల్ల కావడానికే పుంజు కావాలి. కోళ్లఫారాల నుంచి అంగళ్లకు వచ్చే గుడ్లన్నీ పుంజు ముఖం ఎరుగని పెట్టలు పెట్టినవే. మీ గుడ్లు తగ్గడానికి కారణం మీరే రాశారు: రోజంతా పరుగెత్తే పెట్ట సరిగా మేయదు, నీళ్లు తాగదు, గూట్లోకి వెళ్లి కుదురుగా కూర్చోదు. ఇంకొక మాట కూడా ఆలోచించండి. మన వేసవిలో పుంజు తొక్కిన (జతకట్టిన) పెట్ట గుడ్డును బయట ఉంచితే, పొదగకపోయినా ఆ వేడికే లోపల పిండం కొంత పెరిగి చచ్చిపోతుంది, గుడ్డు పాడవుతుంది. పుంజు లేని గుడ్డు అంతకంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. గుడ్లు అమ్ముకునే ఇళ్లలో ఎండాకాలం పుంజును వేరుచేయడం లాభమే.

ఇక లెక్క. ఒక ఆరోగ్యమైన పుంజుకు ఎనిమిది నుంచి పది పెట్టలు ఉండాలన్నది సాధారణంగా అందరూ పాటించే కొలత. మీ పదకొండు పెట్టలకు ఒక పుంజు చాలు. మూడు పుంజులంటే ఒక్కొక్క దానికి నాలుగు పెట్టలు కూడా రావు. అయితే పుంజులు వాటిని సమంగా పంచుకోవు. ప్రతి పుంజుకూ నచ్చిన పెట్టలు ఒకటో రెండో ఉంటాయి, మూడూ వాటి మీదనే పడతాయి. మీ పదకొండింటిలో రెండింటికే వీపు బోడి కావడానికి కారణం ఇదే. రెక్క కింది చీలిక పుంజు కాలి వెనుక పెరిగే ముల్లు వల్ల పడింది. తొక్కేటప్పుడు పుంజు నిలదొక్కుకోవడానికి కాళ్లతో పక్కలను అదుముతుంది, ఈకలు పోయిన చోట ముల్లు నేరుగా చర్మంలో దిగుతుంది. ఆ పెట్టను ఈరోజే వేరుగా ఉంచండి. కోళ్లకు ఎర్రటి పుండు కనిపిస్తే పొడవడం మానవు. పుంజు మిగిల్చినదాన్ని తోటిపెట్టలే పూర్తిచేస్తాయి.

అన్నదమ్ములు కలిసి పెరిగితే కొట్టుకోవని చాలామంది అంటారు. నాటు పుంజుల్లో అది కొంతవరకు నిజమే. అసిల్ రక్తం ఉన్నవాటి విషయంలో ఆ భరోసా పెట్టుకోకండి. ఇప్పుడు ఆ రెండూ పెద్దదానికి భయపడి కలిసి ఉన్నాయి, అంతే. పెద్దది పక్కకు తప్పుకున్న రోజున అవి ఒకదాని మీద ఒకటి పడతాయి. అసిల్ పుంజు ఓడినా సులభంగా వెనక్కు తగ్గదు, మూడు సెంట్ల ప్రహరీ లోపల పారిపోవడానికి చోటూ ఉండదు. కాబట్టి నా అభిప్రాయం స్పష్టం: రెండింటినీ పంపివేయాలి.

పొదలకూరు నిమ్మతోట:

పై మాటతో పూర్తిగా ఏకీభవించలేను. మా తోటలో నాలుగు పుంజులు ఏళ్ల తరబడి ఉంటున్నాయి. ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కును తనదిగా చేసుకుని, తన పెట్టలను వెంటబెట్టుకుని మేపుకుంటుంది. రాత్రికి వేర్వేరు చెట్ల మీద కూర్చుంటాయి. హద్దు దగ్గర ఎదురుపడితే మెడ ఈకలు నిక్కించి, రెండు గెంతులు గెంతి, ఎవరి దారిన అవి వెళ్తాయి. పైగా గద్ద వచ్చినప్పుడు ఒక పుంజు అరిస్తే తోట మొత్తం సర్దుకుంటుంది. ఆకాశంలో గద్దను చూసినప్పటి అరుపు వేరు, నేల మీద ముంగిసను చూసినప్పటి అరుపు వేరు. మొదటిది వినగానే పెట్టలు చెట్ల కిందికి దూరతాయి, రెండోది వింటే మెడలెత్తి చూస్తాయి. ఎక్కువ పుంజులుంటే ఎక్కువ కళ్లు కాపలా ఉన్నట్టే కదా.

దర్శి కోళ్లగూడు:

మీరు చెప్పినది నిజమే, కానీ అది తోటకు సంబంధించిన నిజం. మీ పుంజుల మధ్య సఖ్యత లేదు, దూరం ఉంది. ఆ దూరాన్ని మూడు సెంట్లలో ఎక్కడి నుంచి తెస్తాం? పైగా ప్రశ్న అడిగినవారి ఊరిలో వానలు పడేది ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఈశాన్య రుతుపవనాలతో. వాయుగుండం పట్టి ముసురు ఆగకపోతే కోళ్లన్నీ రేకుల గూట్లోనే ఉండాలి. తోటలో కొట్టుకోని పుంజులు కూడా అలాంటప్పుడు కొట్టుకుంటాయి.

ఒంగోలు, పశుసంవర్ధక శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి:

ఇద్దరి వాదనా చదివాను. స్థలం విషయంలో దర్శివారి మాటే సరి. అయితే ఇప్పటివరకు ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. తెగులుకు భయపడి రెండో పుంజును ఉంచుకోవాలని మీరు అనుకుంటున్నారు. ఆ పిల్లపుంజులు కాకిడేగ కొడుకులే. పెట్టల్లోనూ దాని కూతుళ్లు ఉండే ఉంటాయి. అంటే మీరు దాచుకున్నది కొత్త రక్తం కాదు. తండ్రి కూతుళ్లను, కొడుకు అక్కచెల్లెళ్లను తొక్కుతూ పోతే కొన్ని తరాలకు గుడ్లు సరిగా పొదగవు, పుట్టిన పిల్లలు బలహీనంగా ఉంటాయి, ఎదుగుదల మందగిస్తుంది. మన పల్లెల్లో పూర్వం చుట్టాల ఊరి నుంచి పుంజును తెచ్చుకుని, తమ పుంజును వారికిచ్చే అలవాటు ఉండేది. ఇప్పటికీ అంతకంటే మంచి ఉపాయం లేదు.

తెగులు సంగతికి వస్తే, కొక్కెర తెగులు (రాణిఖేత్) సోకిన పెరట్లో అది పుంజును మాత్రమే ఎంచుకుని చంపదు. దానికి రక్షణ టీకానే: పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్-2-బి సూది, ఆపైన మీ పశువైద్యశాలలో చెప్పిన గడువు ప్రకారం. ఒకవేళ పుంజు హఠాత్తుగా పోయినా పిల్లలు తీయడం ఆరోజే ఆగిపోదు. పెట్ట శరీరంలో పుంజు బీజం దాదాపు రెండు వారాలు నిల్వ ఉంటుంది. ఆ రోజుల్లో పెట్టిన గుడ్లలో చాలావాటిని పొదిగించవచ్చు. కొత్త పుంజు పిల్లలే కావాలనుకున్నప్పుడు ఇదే విషయం అడ్డం తిరుగుతుంది. పాత పుంజును తీసివేశాక కనీసం మూడు వారాలు గడిచిన తర్వాతి గుడ్లనే పొదుగుకు పెట్టాలి, లేకపోతే పిల్లలు ఎవరివో చెప్పలేము.

గాయపడిన పెట్టకు పోవిడోన్ అయొడిన్ రాసి, ఈగలు వాలకుండా చూడండి. ఈకలు మళ్లీ మొలిచేవరకు దాన్ని పుంజుకు దూరంగా ఉంచండి; కొందరు వీపుకు గుడ్డ తొడుగు కడతారు, మన ఎండకు అది పెట్టను ఉడికిస్తుంది కనుక నేను సలహా ఇవ్వను. పెద్దపుంజు కాలి ముల్లు కొనను ఆకురాయితో కొద్దిగా మొండిచేయవచ్చు. లోపల ఎముక, రక్తనాళం ఉంటాయి కాబట్టి మొదలంటా కోయకూడదు.

ఇరుగుపొరుగు గురించి మీరు రాయలేదు కానీ, కూత సంగతి కూడా గుర్తుంచుకోండి. జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ప్రచురించిన వివరం ప్రకారం, ఒకచోట కొన్ని పుంజులుంటే తెల్లవారుజామున పెత్తనం చేసే పుంజు ముందు కూస్తుంది, మిగిలినవి తమ స్థాయి వరుసలో దాని తర్వాత కూస్తాయి. పెద్దదాన్ని తీసివేస్తే దాని తర్వాతిది మొదలుపెడుతుంది. కాబట్టి పుంజులు పెరిగితే ఒక కూత స్థానంలో వరుస కూతలు వస్తాయి. గోడకు గోడ ఆనుకున్న వీధిలో ఇది తగవుకు దారితీయవచ్చు.

బుచ్చిరెడ్డిపాళెం పెరడు:

అందరికీ ధన్యవాదాలు. కొడుకులను ఉంచుకోవడం వల్ల రక్తం మారదన్న మాటతో నా ఆలోచన మారింది. గాయపడిన పెట్టను వేరుచేశాను, పిల్లపుంజులను చెరొక గంప కింద మూసిపెట్టాను. ఒక సందేహం మిగిలింది. ఉదయగిరి వైపు బంధువుల ఇంట్లో అసిల్ కలవని నాటుపుంజులు రెండు మూడు ఉన్నాయి, మార్పిడికి వారు సిద్ధంగా ఉన్నారు. వాటిలో దేన్ని ఎంచుకోవాలి? కాకిడేగను ఏం చేయాలి? ఇన్నాళ్లు పెరడును కాచిన పుంజును కూరకు ఇవ్వలేను. సంక్రాంతికి పందెంగాళ్లు వచ్చి అడుగుతారు, వారికి అసలే ఇవ్వను.

దర్శి కోళ్లగూడు:

పందేలకు ఇవ్వకపోవడం మంచిది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం కోళ్లను కొట్లాటకు ఉసిగొల్పడం నేరం కూడా. ఎంపికకు రంగు చూడకండి, నడవడి చూడండి. బంధువుల ఇంటికి వెళ్లినప్పుడు గుప్పెడు నూకలు నేల మీద చల్లి కాసేపు దూరంగా నిలబడండి. మంచి పుంజు గింజను ముక్కుతో ఎత్తి దింపుతూ, కొక్కొక్కొ అంటూ పెట్టలను పిలుస్తుంది, అవి తిన్నాక తాను తింటుంది. పెట్ట గింజకు వంగగానే మీదికి దూకేదాన్ని, మనిషి కాళ్ల మీదికి ఎగిరేదాన్ని వదిలేయండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే రెండోది మరీ ముఖ్యం, ముల్లు వారి ముఖానికి అందే ఎత్తులోనే ఉంటుంది.

కాకిడేగకు మూడేళ్లు దాటాయి కనుక ఇకపై పిల్లలయ్యే గుడ్ల సంఖ్య తగ్గుతూ వస్తుంది. అయినా దాన్ని ఉంచుకోవాలంటే ఉంచుకోండి, కానీ పెట్టలు కనిపించని చోట. పెట్టలు కంటపడకపోతే పుంజు చాలావరకు శాంతంగానే ఉంటుంది. వల కంచె ఒకటే వేసి రెండు పుంజులను అటూ ఇటూ ఉంచితే వల మీదనే ముక్కులు పగలగొట్టుకుంటాయి. ఎదురుగా చూడలేనట్టు తడికో రేకో అడ్డం పెట్టండి.

ఒంగోలు, పశుసంవర్ధక శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి:

ఒక చేర్పు. 2024 ఫిబ్రవరిలో మీ జిల్లాలోనే చాటగుట్ల, గుమ్మళ్ళదిబ్బ గ్రామాల్లో బర్డ్ ఫ్లూ బయటపడింది, కాబట్టి బంధువుల ఇంటి పుంజే కదా అని నేరుగా పెరట్లో వదలకండి. కనీసం రెండు మూడు వారాలు వేరే చోట, వేరే నీళ్ల గిన్నెతో ఉంచి, ముక్కు కారుతోందా, రెట్ట పచ్చగా పడుతోందా అని గమనించండి. ముందు మీ కోళ్లకు మేత వేసి, ఆ తర్వాతే దాని దగ్గరకు వెళ్లండి. కాకిడేగను తీసివేసిన రోజునే కొత్త పుంజును తెచ్చి వేరుగా పెట్టుకుంటే, పాత బీజం పోయేవరకు ఆగవలసిన మూడు వారాలూ, తెగులు కోసం ఆగవలసిన ఈ వారాలూ ఒకేసారి గడిచిపోతాయి.