హైదరాబాద్‌లో కలిసి కుట్టుకునే గ్రూప్ ఏదైనా ఉందా?

ప్రశ్న (కూకట్‌పల్లి):
క్రాస్ స్టిచ్ (గళ్ల బట్ట మీద X ఆకారంలో కుట్టే ఎంబ్రాయిడరీ) కొంచెం వచ్చు. ఒక్కదాన్నే కూర్చుని కుట్టీ కుట్టీ బోర్ కొడుతోంది. ఎవరిని అడిగినా మగ్గం వర్క్ క్లాసులే చూపిస్తున్నారు, నాకు బ్లౌజుల బిజినెస్ వద్దండీ, వారానికోసారి నలుగురితో కూర్చుంటే చాలు. కొత్తవాళ్లని చేర్చుకుంటారో లేదో అని టెన్షన్.

జవాబు 1:
చేర్చుకుంటారండీ. మా దాంట్లో కాడ కుట్టు లాంటి తేలిక కుట్టు కూడా రానివాళ్లు ఉన్నారు. కాకపోతే డబ్బు కట్టే ముందు ఒకరోజు ఊరికే వెళ్లి కూర్చోండి, కొన్నిచోట్ల కుట్టు తక్కువ, చీరల అమ్మకాలు ఎక్కువ. 14 కౌంట్ ఐడా బట్ట (అంగుళానికి 14 గళ్లు), బట్ట బిగించే చిన్న రింగు, కత్తెర తీసుకెళ్లండి. ఆరు పోగుల దారంలో రెండు పోగులు విడదీసి కుడితే సరిపోతుంది.

జవాబు 2:
మగ్గాన్ని అలా తీసిపారేయకండి! చట్రానికి బట్ట బిగించి, కింద చేత్తో దారం అందిస్తూ కొక్కెం సూదితో పైకి లాగుతుంటే గొలుసు కుట్టు ఎంత వేగంగా పడుతుందో. మెట్రోలో మోసుకెళ్లలేం, అదొక్కటే.

జవాబు 3:
శిల్పారామంలో స్టాళ్లు పెట్టే చేతిపని వాళ్లని అడగండి. లేదంటే మీరే మొదలెట్టండి, నేనొస్తా.

ప్రశ్న అడిగినవారు:
అయితే ఆదివారం శిల్పారామం వెళ్తా. మూడో జవాబు ఇచ్చినవారూ, మీరుండేది ఏ ఏరియా?