సున్నపు దుమ్ము ఆమ్ల వానను ఆపుతుందంటే, దుమ్మును అలాగే వదిలేయాలా?

కృష్ణాతీరం రైతు:
వాడపల్లి చుట్టుపక్కల సిమెంటు దుమ్ము మిరప ఆకుల మీద పడి, మంచుకు తడిసి పెచ్చులా గట్టిపడుతోంది. ఫిర్యాదు చేద్దామంటే ఊళ్లో ఒక పెద్దమనిషి అడ్డుపడ్డారు. ఈ దుమ్మే లేకపోతే బొగ్గు పొగకు మనకు ఆమ్ల వానలు పడతాయంటున్నారు. నిజమేనా?

పాలమూరు మాస్టారు:
ఆయన చెప్పిన రసాయనం సరైనదే. కార్బన్ డయాక్సైడ్ కరుగుతుంది కాబట్టి శుభ్రమైన వాన నీటి పీహెచ్ (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం) కూడా 5.6 దగ్గరే ఉంటుంది. బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ మబ్బులో సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి దాన్ని ఇంకా తగ్గిస్తుంది. సున్నపురాయి రేణువు తగిలితే ఆ ఆమ్లం జిప్సం అనే ఆమ్లగుణం లేని లవణంగా మారుతుంది. ఉత్తర చైనాలో అంత బొగ్గు కాల్చినా ఆమ్ల వానలు దక్షిణాదినే ఎక్కువ పడ్డాయి. ఉత్తరానికి గోబీ ఎడారి నుంచి వచ్చే, సున్నం కలిసిన దుమ్ము అండగా ఉంది. తొందరపడకండి.

నల్లగొండ నేలతల్లి:
మాస్టారూ, రసాయనం ఒప్పుకుంటాను, మీ సలహా ఒప్పుకోను. అన్ని దుమ్ములూ ఒకటి కాదు. మీ పాలమూరు గ్రానైట్ దుమ్ములో ఎక్కువగా ఉండేవి క్వార్ట్‌జ్, ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాలు. క్వార్ట్‌జ్ ఆమ్లాన్ని అసలు ముట్టదు. ఫెల్డ్‌స్పార్ కరిగే వేగానికి చినుకు నేల చేరే కొద్ది నిమిషాలు ఏ మూలకు? పైగా ఆ క్వార్ట్‌జ్‌లోని సిలికా క్వారీ కూలీల ఊపిరితిత్తుల్ని తినేస్తోంది. నల్లరేగడిలో సున్నపు గుళికలుంటాయి, దాని దుమ్ము కొంత పనిచేస్తుంది. ఎర్ర చలకకు ఆ బలం లేదు.

తొలకరి జల్లు గాలిలోని దుమ్మును కడిగేస్తుంది. ఆ తర్వాత రోజుల తరబడి ముసురు పడితే ఆమ్లానికి అడ్డుపడే దుమ్ము ఎక్కడిది? చిమ్నీ మాత్రం ఆగదు. ముతక రేణువులు కర్మాగారం చుట్టూనే రాలిపోతాయి, సల్ఫర్ వందల కిలోమీటర్లు పోతుంది. దుమ్ము మింగేది వాడపల్లి రైతు, ఆమ్లం పడేది ఎక్కడో దూరపు ఊళ్లలో.

పాలమూరు మాస్టారు:
ఐరోపా, ఉత్తర అమెరికాలలో దుమ్ముతో పాటు గాలిలో ఆమ్లాన్ని విరిచే సున్నపు కాల్షియం కూడా తగ్గింది. అందుకే సల్ఫర్‌ను తగ్గించినంతగా వాన ఆమ్లత తగ్గలేదు. మనకూ అదే జరగదా?

నల్లగొండ నేలతల్లి:
జరుగుతుంది, దుమ్మునొక్కదాన్నే అడ్డుకుంటే. అందుకే రెండూ కలిపి అడగాలి. విద్యుత్ కేంద్రాల చిమ్నీలో సల్ఫర్‌ను పట్టడానికి వాడేది ఎక్కువగా సున్నపురాయి పొడి కలిపిన నీళ్లే. మబ్బులో జరగాల్సిన పని గొట్టంలోనే జరిగిపోతుంది. వచ్చే జిప్సంను సిమెంటులో కలుపుకోవచ్చు. మన రాయి చేయగల పనిని రైతు ఆకుల మీద చేయించడం అన్యాయం.

రైతు గారూ, ఫిర్యాదులో వాన నీటి పరీక్ష కూడా అడగండి. పీహెచ్ ఒక్కటే చాలదు. ఆమ్లం చచ్చినా అందులోని సల్ఫర్ భాగమైన సల్ఫేటు నేలకు చేరుతూనే ఉంటుంది, అందుకని కాల్షియం, సల్ఫేటు, నైట్రేటు కూడా కొలవమనండి. వాన పడేటప్పుడే మూత తెరుచుకునే పాత్రలో నీరు పట్టాలి. రోజంతా తెరిచి ఉంచితే పొడి దుమ్ము రాలి పీహెచ్ ఎక్కువగా చూపిస్తుంది. ఆ లెక్క చూపించి ఆమ్లం లేదంటారు.