గప్పీ ఆడచేపకి మగచేప నచ్చడం పుట్టుకతోనా, పక్కదాన్ని చూసా?

గప్పీప్రేమి:
నమస్తే అండి అందరికీ. మా ఇంట్లో అక్వేరియంలో గప్పీలు పెంచుతున్నా. ఆరెంజ్ మచ్చలు బాగా ఉన్న మగదాని వెనకే ఆడవి పోతుంటాయి, చాలాసార్లు చూశా. కానీ మొన్న పెద్ద ఆడచేప ఒకటి రంగు తక్కువున్న మగదాని దగ్గర కాసేపు తిరిగింది, అది చూశాక చిన్న ఆడది కూడా దాని దగ్గరికే పోయింది, మగది ఒళ్ళు వంచి వణుకుతుంటే ఎదురుగా కదలకుండా ఆగింది. ఇదెలా అంటారు?

జువాలజీ సార్:
చాలా బాగా గమనించారండి. ఇష్టంలో పుట్టుకతో వచ్చే జీన్స్ పాత్ర ఉంది, కాపీ కొట్టడమూ ఉంది. లీ డుగాట్కిన్ అనే శాస్త్రవేత్త ట్రినిడాడ్ గప్పీలతో 1996లో ఈ రెండిటికీ పోటీ పెట్టాడు. రెండు మగచేపల ఒంటి మీది ఆరెంజ్‌లో తేడా 12%, 25% ఉన్నప్పుడు, ఇంకో ఆడది రంగు తక్కువ దాని పక్కనుంటే చూసేది కూడా దాన్నే ఎంచుకుంది. తేడా 40%కి వచ్చేసరికి ఎవరు ఎవరి పక్కనున్నా పట్టించుకోలేదు, రంగున్నదే కావాలంది. ఇంకోటి, చిన్నవి పెద్దవాటిని చూసి నేర్చుకుంటాయి గానీ పెద్దవి చిన్నవాటిని కాపీ కొట్టవు. మీ తొట్టిలో జరిగింది అచ్చం అదే.

ఏటిగట్టు:
సార్ చెప్పినదానికి గప్పీలు బతికే ఏటి సంగతి కూడా కలపాలి. ఆ ఆరెంజ్ రంగు చాలావరకు కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్ల వస్తుంది, వాటిని చేప తయారు చేసుకోలేదు, నాచు లాంటివి తిని తెచ్చుకోవాల్సిందే, అంటే మంచి రంగుందంటే మేత బాగా దొరికిందని అర్థం. ట్రినిడాడ్ సెలయేళ్ళలో చెట్ల నుంచి ఆరెంజ్ పండ్లు నీళ్ళలో రాలతాయి, గప్పీలు ఎగబడి తింటాయి, అందుకే ఆరెంజ్ వస్తువు ఏది కనబడినా మగా ఆడా రెండూ వచ్చి పొడుస్తాయి. ఆడదానికి ఆ రంగు మీద మోజు అసలు తిండి దగ్గరే మొదలైందని కొందరంటారు, నాకూ అదే నిజమనిపిస్తుంది. పెద్ద వేటచేప ఎదురుగా కనబడితే మాత్రం ఆడది అంత ఏరుకోదు, ప్రాణం ముందు కదా. మన మున్సిపాలిటీలు దోమల కోసం కాలవల్లో వదిలే గప్పీలు చూసినప్పుడల్లా, ఆ మురికినీళ్ళలో రంగు సరిగ్గా కనబడక ఏం చూసి ఎంచుకుంటాయో అని ఆలోచిస్తుంటా.

గప్పీప్రేమి:
ఇద్దరికీ చాలా థాంక్స్ అండి. ఇది చదివి ఇందాకే అద్దానికి బయట ఆరెంజ్ కాగితం ముక్క, పక్కన నీలం ముక్క అంటించా. నాలుగు చేపలు ఆరెంజ్ దగ్గరే మూతులు ఆనించి పొడుస్తున్నాయి, అందులో ఆ చిన్న ఆడది కూడా ఉంది!