ఫ్రెడ్డీ మెర్క్యురీ ఆల్బమ్ సరే, మన పాత స్టాంపు ఆల్బమ్‌ల హింజ్‌లు (స్టాంపును పేజీకి అతికించే చిన్న జిగురు కాగితాలు) ఊడదీయాలా వద్దా?

అడయార్_అంచె: జాంజిబార్‌లో క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ చిన్నప్పుడు కూర్చిన స్టాంపు ఆల్బమ్ 54 పేజీలది. 1993లో వేలానికి వస్తే బ్రిటిష్ తపాలా మ్యూజియం కొంది. స్టాంపులు తీసి వేరే సర్దలేదు, పిల్లవాడు పేర్చిన వరసలోనే ఉంచారు. మరి మనం 1950ల ఆల్బమ్ చేతికి రాగానే స్టాక్‌బుక్‌లోకి (అతికించకుండా స్టాంపులు పట్టీల్లో దూర్చే పుస్తకం) ఎందుకు మారుస్తాం?

పెరంబూర్_పట్టకారు: ఎందుకంటే ఇది లండన్ కాదు, చెన్నై. నవంబరు, డిసెంబరు తేమకి జిగురు కరిగి స్టాంపు పేజీకి అంటుకుపోతుంది. పాత కాగితంలో ఆమ్లం వల్ల అంచుల్లో గోధుమ మచ్చలు పడతాయి. హింజ్ ఊడదీయాలంటే పీకకూడదు. మూత బిగుతుగా ఉండే డబ్బాలో తడి స్పాంజి, దానిపై ప్లాస్టిక్ జాలీ, జాలీపై స్టాంపు బొమ్మ పైకి వచ్చేలా పెట్టాలి. అరగంటకోసారి చూస్తే హింజ్ తనంతట తనే వదులుతుంది. తర్వాత బ్లాటింగ్ పేపరు మధ్య, పైన బరువు.

వడపళని_వాటర్‌మార్క్: నీళ్లలో నానబెడితే పది నిమిషాల్లో అయిపోతుంది కదండీ?

పెరంబూర్_పట్టకారు: వద్దు! బ్రిటిష్ వలసల ఊదా, ఆకుపచ్చ స్టాంపుల్లో చాలావాటి సిరా నీటికి కారిపోతుంది. కావాలనే అలా ముద్రించారు, ముద్ర కడిగి మళ్ళీ వాడకుండా. వాడనివాటికైతే జిగురు పోయినట్టే.

టి_నగర్_తంతి: 1999లో ఫ్రెడ్డీ బొమ్మతో 19 పెన్నీల స్టాంపు వచ్చింది. వెనకాల డ్రమ్స్ దగ్గర క్వీన్ డ్రమ్మర్ రోజర్ టేలర్ కనిపిస్తాడు. రాజకుటుంబం తప్ప బతికున్నవాళ్లు స్టాంపుమీద ఉండకూడదన్న సంప్రదాయం ఏమైంది?

అడయార్_అంచె: తంతిగారూ, దానికి వేరే చర్చ పెట్టండి. పట్టకారుగారూ, మీ పద్ధతి బాగుంది గాని, పేజీ చెరిగాక ఆ వరస ఎవరికి తెలుస్తుంది? మ్యూజియం ఆ ఆల్బమ్ చూపేది అందులోని స్టాంపుల విలువకి కాదు. హంగరీ, రుమేనియా స్టాంపులు కేటలాగులో చిల్లర ధరే. పిల్లవాడి పేర్పే విలువ.

పెరంబూర్_పట్టకారు: ఆ పిల్లవాడు ఫ్రెడ్డీ కాబట్టి. మీ పక్కింటివాళ్ల తాతగారి ఆల్బమ్‌కి ఆ లెక్క ఎందుకు?

అడయార్_అంచె: అదీ అసలు మాట! పేరున్నవాడు పేర్చిందైతే దాచాలి, లేనివాడిదైతే జిగురు చూసి విడగొట్టి అమ్మాలి. మీరు తేమ గురించి కాదు, ధర గురించి మాట్లాడుతున్నారు.

పెరంబూర్_పట్టకారు: ధర తప్పా? హింజ్ గుర్తు పడ్డ స్టాంపుకి, పడనిదానికి ధరలో తేడా ఉంటుంది. ఇప్పటికే గుర్తుపడ్డదాన్ని ఊడదీసినా ఆ తేడా తిరిగి రాదు, ఒప్పుకుంటా. కానీ బూజు పట్టాక మీ వరసా మిగలదు, స్టాంపూ మిగలదు.

వడపళని_వాటర్‌మార్క్: ముందు పేజీలు 600 డిపిఐలో స్కాన్ చేసి, నంబర్లు పెన్సిల్‌తో వేసి, పేజీల మధ్య నున్నటి పలుచని గ్లాసిన్ కాగితం పెడితే? ఆల్బమ్ నిలువుగా, బీరువాలో తేమ పీల్చే సిలికా జెల్‌తో. పీవీసీ కవర్లు మాత్రం పనికిరావు, స్టాంపు రంగు లాగేస్తాయి.

అడయార్_అంచె: ఇది సరే. అంటుకుపోయినవాటికే డబ్బా.

పెరంబూర్_పట్టకారు: జెల్ రంగు మారగానే ఓవెన్‌లో ఆరబెట్టాలి. అది చేసేవాళ్లెంతమంది ఈ ఊళ్ళో?

టి_నగర్_తంతి: టేలర్ సంగతి ఎవరూ చెప్పలేదు.