కళ్ళపై నల్ల పట్టీ వేస్తే రోగి ఎవరో తెలియకుండా దాచినట్టేనా?

కోనసీమ వైద్యుడు:
ఉప్పునీటి రొయ్యల చెరువులో పనిచేసే ఒక లంక గ్రామస్థునికి కాలి గాయం ద్వారా విబ్రియో వల్నిఫికస్ అనే ఉప్పునీటి బ్యాక్టీరియా సోకి, చివరకు కాలు తీసివేయవలసి వచ్చింది. చెరువుల ప్రాంతంలోని వైద్యులకు ఇది తెలియాలని కేస్ రిపోర్ట్ (ఒక రోగి జబ్బు, చికిత్సల వివరణ) రాసి, కళ్ళపై నల్ల పట్టీ వేసిన ఫోటోతో ఒక జర్నల్‌లో ప్రచురించాను. ఆసుపత్రిలో చేరినప్పటి పత్రంలో 'ఫోటోలను విద్యా ప్రయోజనాలకు వాడవచ్చు' అన్న వాక్యం కింద ఆయన వేలిముద్ర ఉంది. ఇప్పుడు ఆ పేజీ ఊరి వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందని కుటుంబం బాధపడుతోంది. నేను నియమం తప్పానని నాకు అనిపించడం లేదు.

నరసాపురం సభ్యుడు:
డాక్టరుగారూ, తప్పారనే నా అభిప్రాయం. కళ్ళు కప్పినంత మాత్రాన గోప్యతకు చాలదని వైద్య పత్రికా సంపాదకుల అంతర్జాతీయ కమిటీ సిఫార్సుల్లో స్పష్టంగా ఉంది. గుర్తుపట్టగలిగే రోగికి వ్రాతప్రతిని ముందే చూపించాలని కూడా ఉంది. మీరు వయసు, వృత్తి, మండలం, నెల అన్నీ రాశారు. రేవులో పంటు నడిపేవారికి ఆ నాలుగూ చాలు, ఫోటో కూడా అక్కరలేదు. (అన్నట్టు, కాలి గాయానికి ముఖమెందుకు?) ప్రాణభయంతో వచ్చిన మనిషి చికిత్స కోసం వేసిన వేలిముద్రను ప్రచురణకు అంగీకారంగా లెక్కించలేము. గోదావరి ఎగువన ఖమ్మం జిల్లాలో 2009లో జరిగిన హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖ క్యాన్సర్ నివారణ టీకా) అధ్యయనంలో ఎందరో బాలికల తరఫున హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. 2010 ఏప్రిల్‌లో దానిని నిలిపివేశారు, 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం ఆ అంగీకార పద్ధతిని తప్పుపట్టింది. సంతకాలు అక్కడా ఉన్నాయి.

రాజమహేంద్రవరం అధ్యాపకురాలు:
అంగీకారం విషయంలో పై మాటతో ఏకీభవిస్తాను, వివరాల విషయంలో కాదు. వృత్తినీ నీటి ఉప్పదనాన్నీ తీసేస్తే ఆ రిపోర్ట్ చదివే వైద్యునికి దక్కేదేమీ లేదు. రొయ్యల చెరువును వరిచేనుగా మారిస్తే అది గోప్యత కాదు, అబద్ధం. మండలం బదులు 'డెల్టా తీరప్రాంతం' అనీ, నెల బదులు రుతువు అనీ రాయవచ్చు. పదోన్నతికి పరిశోధనా పత్రాలు అడిగినంతకాలం మనలో ఈ తొందర పోదు, నాకూ ఉంది. అయినా వ్రాతప్రతిని తెలుగులో చదివి వినిపించడానికి ఒక పూట చాలు. ఒకసారి అంతర్జాలంలోకి వెళ్ళిన పేజీని పూర్తిగా వెనక్కి తీసుకోలేమన్న సంగతిని మాత్రం సంతకానికి ముందే చెప్పాలి.

కోనసీమ వైద్యుడు:
ముఖం అనవసరమన్నది నిజమే. ఉన్నవాటిలో స్పష్టంగా వచ్చిన ఫోటో అదొక్కటేనని పెట్టాను. దానిని తొలగించమనీ, మండలం పేరు సవరించమనీ సంపాదకునికి రాశాను. వృత్తి మాత్రం ఉంచుతాను. ఇక మరొక చిక్కు: ఇదే జబ్బుతో మరణించిన మరొకరి వివరాలు నా దగ్గర ఉన్నాయి. ప్రచురించడానికి ఆయన భార్య సరేనంటున్నారు, అన్నదమ్ములు వద్దంటున్నారు. ఆయన పనిచేసిన చెరువు యజమాని దగ్గరే ఆ అన్నదమ్ములూ పనిచేస్తున్నారు. ఎవరి మాట తీసుకోవాలి?