మనం గుచ్చిన పూసల హారాలను ‘గిరిజన నగలు’ అని అమ్మవచ్చా?

రాయగడ నుండి, సంఘ సభ్యురాలు:

అందరికీ నమస్కారం. మా స్వయం సహాయక సంఘంలో ఉన్నవారందరూ ఒడిశాలోని రాయగడలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు ఇళ్ళ ఆడవారు. పూసలతో హారాలు, జూకాలు, చేతిపట్టీలు గుచ్చి ఇక్కడి చైతి ఉత్సవంలోనూ, కొరాపుట్ పరబ్‌లోనూ, అవకాశం దొరికితే భువనేశ్వర్ మేళాల్లోనూ అమ్ముతుంటాము. రాబోయే మేళాకు కొత్త బోర్డు రాయించాలనుకున్నప్పుడు దాని మీద ‘డోంగ్రియా గిరిజన నగలు’ అని ఉండాలని సంఘంలో సగం మంది పట్టుబట్టారు. నేను వద్దన్నాను. మాట తెగలేదు కనుక ఇక్కడ అడుగుతున్నాను.

మేము వాడే గాజు పూసలు ఉత్తరప్రదేశ్‌లోని పురదిల్‌నగర్, వారణాసి వైపు నుండి టోకు వ్యాపారుల చేతుల మీదుగా వస్తాయి. కొక్కేలు, రింగులు, నైలాన్ దారం బజారులో కొంటాము. గుచ్చేది మేమే. ఇక్కడి నియమగిరి కొండల మీది డోంగ్రియా కంధులనే గిరిజనుల ఆడవారు మెడ నిండా వేసుకునే వరుసలను చూసి ఆ రంగుల పొందికను తీసుకున్నామన్నది నిజమే, దానిని దాచవలసిన పని లేదు. అయితే బోర్డు మీద వారి పేరు చదివిన మనిషి తాను ఇచ్చే డబ్బు కొండ మీద ఏదో ఒక ఇంటికి చేరుతుందనే నమ్మకంతో కొంటాడు, ఆ డబ్బు మాత్రం మా సంఘం ఖాతాలో పడుతుంది. ఇది నాకు సమ్మతం కాదు. పెద్దలు మీ అభిప్రాయం చెప్పండి.

జయపురం నుండి, దుకాణదారు:

అమ్మా, మీ ఉద్దేశం మంచిదే కాని మీ వాదాన్ని ఒప్పుకోలేను. కొండ మీది ఆడవారు ధరించే పూసలు కొండ మీద పుట్టినవి కావు, మైదానపు వ్యాపారులు సంతలకు మోసుకువెళ్ళి అమ్మినవే. మల్కన్‌గిరి కొండల నుండి ఒనకడిల్లి గురువారం సంతకు దిగే బోండా గిరిజన స్త్రీల ఛాతీని కప్పే పూసలైనా అలా చేరినవే. పూస ఎక్కడిదో, దారం ఎక్కడిదో తెలిసి కూడా ఈ నగ ఫలానా వారి సొత్తు అని గీత గీయడం ఎలా సాధ్యం? ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవడం లేకపోతే చేతిపనులే లేవు.

ఇక వ్యాపారం సంగతి. మేళాలో నడిచిపోయే మనిషి మీ స్టాల్ ముందు ఆగాలంటే కంటికి ఒక మాట తగలాలి. ‘చేతితో గుచ్చిన పూసల హారాలు’ అన్న మాటకు ఎవరూ ఆగరు, ఎందుకంటే పక్క స్టాల్‌లో యంత్రం మీద తయారైన ప్లాస్టిక్ మాలల మీద కూడా అదే రాసి ఉంటుంది. చట్టం అడ్డు వస్తుందని భయపడనవసరం లేదు. 2024 జనవరిలో డోంగ్రియా కంధులకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చిన మాట నిజమే కాని అది వారు సూదితో కుట్టే కప్డాగండా శాలువాకు వచ్చింది. దానిని పూసల హారాల దాకా సాగదీయలేరు. మీ సంఘంలోని ఆడవారు మాత్రం ఏమంత కలిగినవారని వారి నోటి దగ్గరి ముద్దను మీరు తీసివేయాలి?

బరంపురం నుండి, న్యాయవాది:

చట్టం గురించి మాత్రమే చెబుతాను. 1999 నాటి భౌగోళిక గుర్తింపుల చట్టం నమోదైన వస్తువుకే వర్తిస్తుంది కనుక దుకాణదారు గారు చెప్పినంత వరకు సరైనదే. కాని చట్టం అక్కడితో అయిపోలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వస్తువును తప్పుగా వర్ణించే ప్రకటన తప్పుదోవ పట్టించే ప్రకటన అవుతుంది. ఒక నగను ఎవరు చేశారన్న దానిని బట్టే కొనేవారు ధర ఇస్తున్నప్పుడు, చేసినవారి గురించి రాసిన మాట కూడా ఆ వర్ణనలో భాగమే అవుతుందని నా అభిప్రాయం. ‘గిరిజన’ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద కనబడీ కనబడకుండా ‘శైలి’ అని చేర్చే పద్ధతి కొన్ని స్టాళ్ళలో చూశాను. ఫిర్యాదు వస్తే అది గట్టిగా నిలబడే రక్షణ కాదు.

మునిగుడ నుండి, పూసల వ్యాపారి కుమార్తె:

మా నాన్నగారు చాటికోన బుధవారం సంతలో పూసలు అమ్ముతారు, చిన్నప్పటి నుండి నేను పక్కన కూర్చునేదాన్ని. పూస మైదానం నుండి వస్తుంది కాబట్టి నగ ఎవరి సొత్తూ కాదన్న మాట విన్నప్పుడు నాకు చాలా బాధ కలిగింది. దుకాణదారు గారు ఒక్కసారి ఆ సంతలో కూర్చుంటే ఆ మాట అనరు.

కొండ నుండి దిగిన డోంగ్రియా ఆడవారు పూసల కట్టను ముందుగా వెలుతురుకు ఎత్తి రంధ్రాలు సమంగా ఉన్నాయో లేదో చూస్తారు. తరువాత ఒక పూసను తడి వేలితో గట్టిగా రుద్దుతారు, వేలికి రంగు అంటిందంటే ఆ కట్టను మారు మాట లేకుండా పక్కకు నెట్టేస్తారు. రంగు పూత వేసిన చవక పూసకు నాలుగు రోజులు చెమట తగిలితే పూత పోయి వట్టి గాజు మిగులుతుందని వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఎరుపు పక్కన ఏ పసుపు నప్పుతుందో రెండు కట్టలను చేతి మీద పరచుకుని తమలో తాము చాలాసేపు మాట్లాడుకుంటారు. ఏ రంగు ఎక్కువ తేవాలో, ఏ రంగు తెచ్చినా అమ్ముడుపోదో మా నాన్నగారికి నేర్పింది వారే. సరుకు మా దుకాణానిది కావచ్చు, ఎంపిక మాత్రం వారిది, నగకు ఆ రూపం వచ్చింది ఆ ఎంపిక వల్లనే.

ఇంకొక సంగతి ఎవరూ ప్రస్తావించలేదు. వారిలో కొందరు తాము గుచ్చిన హారాలను సంతకు వచ్చే బయటివారికి అమ్ముతారు. అప్పుడు పట్నం నుండి వచ్చినవారు ‘మేళాలో ఇదే డోంగ్రియా హారం నూటయాభైకి కొన్నాము, నువ్వు ఇంత చెబుతావేమిటి’ అని బేరమాడటం నేను నా చెవులతో విన్నాను. మేళాలో మనం పెట్టిన ఆ పేరే సంతలో వారి ధరను దించుతోంది. ఇది ఎవరి నోటి దగ్గరి ముద్దో ఆలోచించండి.

రాయగడ నుండి, సంఘ సభ్యురాలు:

మునిగుడ అమ్మాయి చెప్పిన ధర విషయం నాకు తట్టలేదు, అది నా అభ్యంతరం కంటే బలమైనది. ఆ నూటయాభై రూపాయల హారం ఎలా వస్తుందో గుచ్చే మనిషిగా నేను చెప్పగలను. 11 నంబరు సన్న పూసలు అంగుళానికి సుమారు 18 పడతాయి. అంటే 16 అంగుళాల వరుసకు 290 దాకా, ఇరవై వరుసల హారానికి 5,800కు దగ్గరగా పూసలు కావాలి. అదే 6 నంబరు లావు పూస అయితే అంగుళానికి పది చాలు, ఇరవై వరుసలకు బదులు ఎనిమిది వేసి మధ్యలో ప్లాస్టిక్ బిళ్ళ ఒకటి కట్టారంటే, రోజుల పని ఒక మధ్యాహ్నంలో తెములుతుంది. దూరం నుండి రెండూ ఒక్కలాగే కనబడతాయి. పేరు కూడా ఒక్కటే పెడితే కొనేవారికి తేడా ఎలా తెలుస్తుంది?

దుకాణదారు అన్నగారూ, బోర్డు మీద మాట కంటికి తగలాలన్నారు, ఒప్పుకుంటాను. కాని మనకు చెప్పుకోవడానికి మాట లేదా? పెళ్ళినాడు ముత్తైదువలు కూర్చుని నల్లపూసలు గుచ్చే ఇళ్ళ నుండి వచ్చినవాళ్ళం మనం. పగడాలు, ముత్యాలు, నల్లపూసలు కలిపి దండ కట్టే పొందిక మన అమ్మమ్మల చేతుల్లో ఉంది. శ్రీకాళహస్తికి దగ్గరలోని పాపానాయుడుపేటలో, కరిగిన గాజును సన్నని గొట్టంలా సాగదీసి ముక్కలు చేసి పూసలు తయారుచేసిన పనివారు మన తెలుగు నేల మీదివారే. మా సంఘంలో ఒక పెద్దావిడ రెండు వరుసల నల్లపూసల మధ్య పగడాన్ని ఎక్కడా ముడి కనబడకుండా నిలబెడతారు, దారానికి మైనం పట్టించి ప్రతి పగడానికీ అటూ ఇటూ ఒక్కొక్క చిట్టి పూసను అడ్డుపెట్టి వెనక్కు గుచ్చుతారు. అలా చేస్తే దారం ఒక చోట తెగినా హారమంతా రాలిపోదు. ఆ పని కొనేవారి ఎదుటే చేసి చూపిస్తే ఆగరంటారా? నేను చూసినంతలో, ఖాళీ చేతులతో కూర్చున్న స్టాల్ కంటే సూది ఆడుతున్న స్టాల్ ముందే జనం ఎక్కువసేపు నిలబడతారు.

జయపురం నుండి, దుకాణదారు:

సంతలో ధర పడిపోతున్న సంగతి నాకు తెలియదు. అది నిజమైతే బోర్డు మీద డోంగ్రియా పేరు వద్దన్న మాటకు నేను అడ్డు చెప్పను. ఆకృతికి యజమాని ఉంటాడన్నది మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను, ఆ రంగుల్లో మీరు గుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. నాదొక సూచన. వారు గుచ్చిన హారాలనే తెచ్చి మీ స్టాల్‌లో వేరే పళ్ళెంలో పెట్టి, అమ్ముడైన వాటి మీద కమీషన్ ఉంచుకుని మిగిలినది వారికి ఇవ్వండి. అప్పుడు ఆ పేరు నిజాయితీగానే బోర్డు ఎక్కుతుంది.

మునిగుడ నుండి, పూసల వ్యాపారి కుమార్తె:

కమీషన్ పద్ధతి వద్దు. మేళా ముగిసి, లెక్కలు తేలి, డబ్బు చేతికి వచ్చే వరకు వారు ఎదురుచూడలేరు. అమ్ముడుపోని హారం మాసిపోయి తిరిగి వెళితే ఆ నష్టం కూడా వారి మీదే పడుతుంది. సంతలో వారు అడిగిన ధర ఇచ్చి, రొక్కంగా కొనండి. అమ్ముకునే భారం సంఘం మోయాలి. మా నాన్నగారు మధ్యలో ఉండి మాట సాయం చేస్తారు, దానికి ఏమీ తీసుకోరు.

రాయగడ నుండి, సంఘ సభ్యురాలు:

రొక్కం మాటే న్యాయంగా ఉంది. మొదట కొద్ది హారాలకు సరిపడా డబ్బు పొదుపు నుండి తీయమని సంఘంలో అడుగుతాను. భువనేశ్వర్‌లో ఏటా జనవరి 26న మొదలయ్యే ఆదివాసీ మేళాకు మాత్రం ఆ పళ్ళెం తీసుకువెళ్ళము, అక్కడ స్టాల్ వేసుకునే హక్కు వారిది. బోర్డు మీద ‘రాయగడ తెలుగు మహిళల పూసల పని’ అని రాయించమని చెబుతాను. డోంగ్రియా పేరు ఆ పళ్ళెం పక్కన చీటీ మీద ఉంటుంది, వారికి ఎంత ఇచ్చి కొన్నామో ఆ అంకె కూడా అదే చీటీ మీద ఉంటుంది. అంకె వేయడానికి సంఘంలో కొందరు ఒప్పుకోకపోవచ్చు. దాని గురించి ఆదివారం సమావేశంలో వాదించవలసి ఉంటుంది, వాదిస్తాను.